గిర్డర్ కింద నిలబడినవాడు

సెంట్రింగ్ విప్పిన ఉదయం అక్కడ ఉన్నవాళ్లు: మా స్ట్రక్చరల్ కన్సల్టెన్సీ యజమాని, ఆయన్ని అందరం సార్ అనేవాళ్లం; కాంట్రాక్టరు తరఫు సైట్ మేనేజరు; పాలమూరు నుంచి వచ్చిన సెంట్రింగ్ మేస్త్రీ, ఆయన మనుషులు; లెవెల్ యంత్రంతో సర్వేయరు; మా ఆఫీసులోనే పనిచేసే నా రూమ్మేటు; నేను. ఉన్న వస్తువులు: కాంక్రీటు గట్టిపడేదాకా కింద నుంచి మోసే నాలుగు వరసల ఇనప జాకీలు, ఒక డంపీ లెవెల్, రెండు సుత్తులు, ఒక కొబ్బరికాయ, పళ్లెంలో కర్పూరం. వీటన్నిటి పైన, మాదాపూర్ రాళ్ల గుట్టల మధ్య సగం లేచిన ఒక సాఫ్ట్‌వేర్ భవనం ముఖద్వారం మీద, పద్దెనిమిది మీటర్ల కాంక్రీటు గిర్డర్.

ఆ భవనాన్ని అద్దెకు తీసుకోబోతున్న కంపెనీవాళ్లు రిసెప్షన్ హాల్లో ఒక్క స్తంభం కూడా కనపడకూడదన్నారు. పై అయిదు అంతస్తుల స్తంభాలు ఎక్కడో ఒకచోట దిగాలి కదా. అవి ఈ దూలం మీద దిగుతాయి. దూలం ఆ బరువునంతా రెండు చివర్లకు మోసుకుపోతుంది. దాంట్లో ఎంత ఇనుము, ఏ చోట, ఏ వంపుతో పడాలో లెక్క కట్టింది నేను. మొదటిసారి చేత్తో, రెండోసారి కంప్యూటర్ మీద, మూడోసారి మళ్లీ చేత్తో. మొదటి రెండు లెక్కలూ మరీ బాగా కలిశాయి, అందుకే నాకు అనుమానం వచ్చింది. జాకీలు తీశాక దూలం నడిమధ్యన తొమ్మిది మిల్లీమీటర్లు కిందికి వంగుతుందని రాశాను.

నేను సర్వేయరు పక్కన నిలబడి ఉంటే సార్ పిలిచారు.

"ఏందయ్యా, ఆడ దాక్కున్నవ్? దూలం లెక్కగట్టినోడు దూలం కింద నిలబడాలె. మా కాలంల గదే రివాజు. రా, నడిమిట్ల నిలబడు."

మేస్త్రీ నవ్వాడు. "నిలబడు సారూ. పడితె మా అందరి మీద పడ్తది, నీ ఒక్కని మీదనే పడదు."

"ఒరేయ్," అన్నాడు నా రూమ్మేటు, "పడేముందు ఈ నెల కిరాయి ఇచ్చి నిలబడరా."

నిలబడ్డాను. జాకీలు మధ్య నుంచి మొదలుపెట్టి చివర్లకు వదులు చేసుకుంటూ పోయారు. ఒక్కో సుత్తి దెబ్బకీ నా తల మీద సన్నగా సిమెంటు దుమ్ము రాలింది. చివరి వరస పడ్డాక సర్వేయరు యంత్రంలోంచి తల ఎత్తకుండానే అరిచాడు: "ఏడు!"

"నడుస్తది," అన్నారు సార్. కొబ్బరికాయ కొట్టారు. సగం చిప్ప నా చేతిలో పెట్టారు.

ఇంత వివరంగా ఎందుకు రాస్తున్నానంటే, తరవాత అవసరం పడినప్పుడు, ఆ ఉదయం అలా జరిగిందని చెప్పడానికి వీళ్లలో ఒక్కరూ దొరకలేదు.

మా ఆఫీసు బాలానగర్లో, లేత్ మిషన్ల వర్క్‌షాపు మీద మొదటి అంతస్తు. కింద ఇనుము కోస్తుంటే పైన మా డ్రాయింగ్ బల్లలు వణికేవి. నేనూ నా రూమ్మేటూ కోస్తాలో ఒకే కాలేజీలో, ఒకే క్లాసులో సివిల్ చదివాం. మదీనాగూడలో ఒక గది తీసుకుని, వాడి స్కూటర్ మీద ఆఫీసుకు వచ్చేవాళ్లం. నా పని డిజైన్. వాడి పని డ్రాయింగ్ చూసి ఎన్ని ఇనప కడ్డీలు, ఎంత పొడవున కోయాలో పట్టిక వేయడం. ఆ పని తక్కువదని నేను ఎప్పుడూ అనుకోలేదు, కానీ అది వేరే పని.

అప్పటికి మా క్లాసువాళ్లలో సగం పైగా సివిల్ వదిలేసి అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సుల్లో చేరారు. సంవత్సరానికి రెండంకెలే రాసిన పాత ప్రోగ్రాములను నాలుగంకెలకు దిద్దడమే పెద్ద ఉద్యోగం ఆ రోజుల్లో. మేం పోసిన స్లాబు మీద ఏసీ గదుల్లో కూర్చోబోయేది మావాళ్లే. కనిపించినప్పుడల్లా జాలిగా అడిగేవారు, "ఇంకా సిమెంటులోనే ఉన్నావా?" అని. నాకు సిమెంటులోనే ఉండాలని ఉంది. ఇక్కడ అలా ఉంటే జీవితాంతం ఎవరో ఒక సార్ పేరు కింద ఉండాలి. అందుకని వేరే దేశంలో ఇంజనీరుగా గుర్తింపు కోసం దరఖాస్తు చేయాలనుకున్నాను. ఆ దేశం పేరు రాయను. జరిగినదాంట్లో ఆ దేశం తప్పేమీ లేదు.

గుర్తింపు లేకుండా అక్కడికి వెళితే మన బీటెక్ డ్రాయింగులు గీసేవాడి చదువు కింద లెక్క. గుర్తింపు ఇచ్చేది ఆ దేశపు ఇంజనీర్ల సంస్థ. వాళ్లకు పంపవలసినవి: పట్టా నకలు, యూనివర్సిటీ సీలు వేసిన కవర్లో మార్కుల జాబితాలు, ఇంగ్లీషు పరీక్ష ఫలితం, పనిచేసిన చోటి నుంచి ధ్రువపత్రం, మనం చేసిన మూడు పనుల మీద మూడు వ్యాసాలు. అసలు పరీక్ష ఆ వ్యాసాలే. మీ బృందం ఏం చేసిందో మాకు అక్కర్లేదు, మీరు స్వయంగా ఏ నిర్ణయం తీసుకున్నారో రాయండి అని వాళ్ల పుస్తకంలో ఉంది.

మొదటి వ్యాసం గిర్డర్ మీద రాశాను. ఇనుము ఒకచోట మరీ ఇరుకుగా వస్తే కడ్డీలను రెండు పొరలుగా ఎందుకు విడదీశానో, కాంక్రీటు ఒకే రోజున పోయాలని ఎందుకు పట్టుబట్టానో, తొమ్మిది అనుకున్నది ఏడు ఎందుకు అయి ఉంటుందో రాశాను. కింద నిలబడ్డ సంగతి రాయలేదు. అది సాంకేతిక విషయం కాదనుకున్నాను.

ధ్రువపత్రం కోసం సార్ దగ్గరికి వెళితే, ఆయన ఎప్పుడూ అనే మాటే అన్నారు: "ఏం కావాల్నో నువ్వే టైపు కొట్టుకోని రా. సంతకం పెడ్త." కొట్టుకుని వెళ్లాను. ఫోన్లో మాట్లాడుతూనే పెట్టారు.

ఇక మిగిలింది మార్కుల జాబితా. యూనివర్సిటీలో పరీక్షల విభాగం గుమాస్తా ప్రతిసారీ వచ్చే వారం రమ్మన్నాడు. రాత్రి బస్సులో వెళ్లడం, ఆ మాట వినడం, రాత్రి బస్సులో రావడం. అలా నెలలు గడిచాయి. ఆ నెలల్లో ఒక ఆదివారం రూమ్మేటు అడిగాడు.

"ఒరేయ్, నేనూ పెడదామనుకుంటున్నా. నీ వ్యాసాలు ఓసారి ఇవ్వు, ఫార్మాట్ చూసుకుంటాను."

"ఫార్మాట్ వాళ్ల పుస్తకంలోనే ఉంది కదరా."

"ఆ ఇంగ్లీషు చదివితే నిద్రొస్తోంది. నీదైతే అర్థమవుతుంది. ఫస్టియర్ నుంచి నీ రికార్డు చూసి రాసినవాణ్ణి, ఇప్పుడు కొత్తగా ఎవడి దగ్గరికి పోను?"

రికార్డు సంగతి చెప్పాలి. మా కాలేజీలో ల్యాబ్ రికార్డు ఒకడు రాస్తాడు, మిగతావాళ్లు దింపుతారు. రాసినవాడు ఇవ్వాలి. ఇవ్వనివాణ్ణి మెస్సులో పక్కన కూర్చోనివ్వరు. నా అక్షరాలు గుండ్రంగా ఉంటాయి, బొమ్మలు స్కేలుతో గీస్తాను, అందువల్ల నా రికార్డు హాస్టల్లో నాకంటే ఎక్కువ గదులు తిరిగింది. ఒకసారి సిమెంటు పరీక్షలో నేను రాసిన తప్పు అంకె క్లాసందరి రికార్డుల్లోనూ కనిపించింది. ల్యాబ్ మాస్టారు అన్నిటికీ సంతకం పెట్టారు. ఎవరూ దాన్ని దొంగతనం అనలేదు. నేనూ అనలేదు. అడిగితే ఇవ్వడం అనేది చేతికి అలవాటైపోయింది. వ్యాసాలున్న ఫ్లాపీ సొరుగులోంచి తీసి ఇచ్చాను.

వాడి మేనమామ యూనివర్సిటీలోనే పనిచేస్తాడు. వాడి మార్కుల జాబితా సీలు కవర్లో ఇంటికే వచ్చింది. వాడి దరఖాస్తు వెళ్లింది. నాది ఆ తరవాత చాలా రోజులకు వెళ్లింది.

వాడికి గుర్తింపు వచ్చింది. ఆ సాయంత్రం కూకట్‌పల్లిలో బిర్యానీ తినిపించాడు. వాడికొచ్చిందంటే నాకు తప్పకుండా వస్తుందని సంతోషంగా తిన్నాను.

నాకు వచ్చిన జవాబు ఒక పేజీ. మీ మొదటి వ్యాసం ఇంతకుముందు మాకు అందిన మరొకరి వ్యాసంతో ఒకటిగా ఉంది. అది మీ సొంత పని అని మేం నమ్మలేము. ఏడాది గడిచాక మళ్లీ దరఖాస్తు చేసుకోవచ్చు, అయితే అందులో ఈ పని ప్రస్తావన ఉండకూడదు. ఆ మరొకరి పేరు రాయలేదు. రాయనవసరం లేదు.

గదికి వెళ్లేసరికి వాడు పప్పులో పోపు వేస్తున్నాడు. వంట వాడే బాగా చేసేవాడు.

"నా గిర్డర్ రాశావా?"

"రాశాను," అన్నాడు, గరిటె ఆపకుండా.

"నాకు చెప్పలేదే?"

"ఫ్లాపీ ఇచ్చింది నువ్వే కదరా. ఏ రికార్డు చెప్పి రాశానని?"

జవాబు చేతిలో పెట్టాను. చదివాడు. స్టవ్ కట్టేశాడు. వాడి ముఖం నిజంగానే పాలిపోయింది.

"వాళ్లు రెండూ పక్కపక్కన పెట్టి చూస్తారని నాకేం తెలుసురా? మన మాస్టారు ఏనాడైనా చూశాడా? ఆ దేశంవాళ్లకు పనీపాటా లేనట్టుంది."

"కనీసం మార్చి రాయాల్సింది." ఆ మాట అన్నది నేనే. రాయకుండా ఉండాల్సింది అని అనలేదు. అంతవరకే వచ్చింది నోట్లోంచి.

"మార్చానురా బాబూ! సెంట్రింగ్ విప్పేటప్పుడు డిజైన్ చేసినవాణ్ణి కింద నిలబెడతారని, నేను నిలబడ్డానని రాశాను. అది నువ్వు రాయలేదు కదా. అలాంటివి వాళ్లకు నచ్చుతాయి."

ఆ పూట నేను తినలేదు. వాడు రెండుసార్లు పిలిచి, తరవాత నా కంచం మీద మూత పెట్టి పడుకున్నాడు.

వాడు తప్పు ఒప్పుకుంటూ రాస్తే వాడి గుర్తింపు పోతుంది. అడగలేదు. అడిగితే ఏమనేవాడో నాకు తెలుసు: ఒకడిదైనా నిలబడనీరా. అందుకని సార్ దగ్గరికి వెళ్లాను. దూలం ఎవరు చేశారో ఆయన ఒక్క ముక్క రాస్తే చాలు.

"రాసిచ్చిన గదా," అన్నారు సార్.

"వాడికీ అదే రాసిచ్చారు సార్."

"ఇద్దరు టైపు కొట్టుకోనొచ్చిండ్రు, ఇద్దరికి పెట్టిన. పిల్లలు బాగుపడ్తరంటె నేను అడ్డం పడ్తనా?"

"రెండిట్లో ఒకటి అబద్ధం కదా సార్."

ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"ఇప్పుడు ఒకటి అబద్ధమని రాస్తె, రేపు నా సంతకానికి ఇజ్జత్ ఏముంటది? ఇంకో మాట చెప్తా విను. డ్రాయింగ్ మీద ఎవని సంతకం ఉన్నది? నాది. గా లెక్కన దూలం నాది. నీది గాదు, వానిది గాదు."

"మీరే కదా సార్, నన్ను దాని కింద నిలబెట్టారు."

"నిలబడ్డట్టు ఏడన్న రాసి ఉన్నదా?"

ఆయన కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నారు.

"పో, పని చూస్కో. జర దిమాఖ్ చల్లగ పెట్టుకో. ఉన్న ఊర్ల ఉన్నోనికి ఏం తక్కువైంది?"

సైట్ మేనేజరును కూడా అడిగాను. కన్సల్టెంటు మాట కాదని తానెలా రాస్తానన్నాడు. అతను చెప్పిందీ సబబే. సర్వేయరు వేరే ఊరు వెళ్లిపోయాడు. మేస్త్రీ మాట ఆ దేశానికి పనికిరాదు.

ఆ తరవాత ఆఫీసులో నా బల్ల మారింది. మారమని ఎవరూ అనలేదు. పెద్ద పనుల డ్రాయింగులు నా దగ్గరికి రావడం మానేశాయి. నాకు వచ్చినవి: ప్రగతి నగర్లో ఒక కాలనీకి ప్రహరీ గోడ, బాలానగర్లో ఒక ఫ్యాక్టరీకి రేకుల షెడ్డు, ఒక వాచ్‌మన్ గది, మాదాపూర్ భవనానికి ఒక నీళ్ల సంపు. ఆ భవనంలో కంపెనీవాళ్లు మొదట అనుకున్న దానికంటే ఎక్కువ మందిని కూర్చోబెట్టారు, పాత సంపు చాలలేదు. "గిది జర నువ్వే చూడు," అన్నారు సార్. ఆ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేదనిపించింది.

రూమ్మేటు వెళ్లిపోయాడు. విమానాశ్రయానికి నేను వెళ్లలేదు. వాడు స్కూటర్ తాళం నా దిండు కింద పెట్టి వెళ్లాడు. కొన్నాళ్లు దాన్ని ముట్టుకోకుండా బస్సులో తిరిగాను, తరవాత వానలు మొదలయ్యాయి, ముట్టుకున్నాను.

రెండు నెలలకు ఒక ఆదివారం ఇంటి ఓనరు భార్య గోడ మీంచి కేక వేసింది: "ఓ బాబూ, నీకు ఫారిన్ ఫోనొచ్చింది, జల్దీ రా!"

వాడే.

"ఏరా, ఎలా ఉన్నావ్? వినపడుతోందా? రేపు ఇంటర్వ్యూరా. నా గుర్తింపు కాగితాలు చూసి పిలిచారు. గిర్డర్ గురించే అడుగుతారట. ఆ ఇనుము రెండు పొరలుగా ఎందుకు చేశావురా?"

ఫోను వాళ్ల హాల్లో, దేవుడి పటాల కింద ఉంది. ఓనరు భార్య చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ నన్నే చూస్తోంది. వైవాకు ముందు కూడా వాడు ఇలాగే వచ్చి నా మంచం మీద కూర్చునేవాడు. తప్పు చెబుదామనుకున్నాను. ఒక్క తప్పు కారణం చెబితే చాలు, వాడు రేపు అక్కడ నవ్వులపాలవుతాడు. నోరు రాలేదు. వాడి మీద దయతో కాదు. ఆ దూలం గురించి ఎక్కడో ఒక గదిలో తెలిసినవాళ్ల ముందు తప్పుగా మాట్లాడతారన్నది నేను భరించలేకపోయాను.

"కడ్డీల మధ్య కంకర దూరదు. దూరకపోతే లోపల డొల్ల మిగులుతుంది. అందుకని విడదీశాను," అన్నాను.

"విడదీశాను," అని వాడు తిరిగి అన్నాడు, రాసుకుంటున్నట్టు. "వంగింది తొమ్మిదా, ఏడా?"

"లెక్క తొమ్మిది. వంగింది ఏడు."

"ఎందుకు తేడా అంటే?"

అదీ చెప్పాను. ఫోను పెట్టేశాక ఓనరు భార్య అడిగింది, "దోస్తా బాబూ? మంచిగున్నడా?"

"బాగున్నాడండి."

వాడికి ఆ ఉద్యోగం వచ్చింది.

ఏడాది గడిచాక మళ్లీ వ్యాసాలు రాశాను. గిర్డర్ మాట ఎత్తకూడదు. గిర్డర్ తీసేస్తే నా దగ్గర మిగిలినవి ప్రహరీ గోడ, రేకుల షెడ్డు, సంపు. సంపును మొదట పెట్టాను, ఎందుకంటే దానికి ఆధారం ఉంది. ఆ డ్రాయింగ్ సంతకం కోసం తీసుకెళితే సార్ చూడకుండానే నా వైపు తోసేశారు. "సంపుకేందయ్యా నా సంతకం? నువ్వే పెట్టు." పెట్టాను. ఆ ఆఫీసులో నా పూర్తి పేరుతో, నా సంతకంతో బయటికి వెళ్లిన మొదటి డ్రాయింగ్ అదే.

సంపు తవ్వింది సరిగ్గా ఆ భవనం ముఖద్వారం ముందు. గోతిలో కాంక్రీటు పోయించిన రోజు, మంచినీళ్ల కోసం హాల్లోకి వెళ్లాను. మెడలో కంపెనీ కార్డు పట్టీ లేదని సెక్యూరిటీ అతను ఆపాడు.

"ఎవరు గావాలె సార్?"

"ఎవరూ వద్దు. నీళ్లు కావాలి."

"గిట్ల అద్దాల కెల్లి రావద్దు సార్. ఎనక ట్యాంకర్ ఉన్నది, ఆడ తాగుండ్రి."

తల ఎత్తి చూశాను. దూలం కనపడలేదు. దాని కింద తెల్లటి ఫాల్స్ సీలింగ్ వేసి వరసగా దీపాలు పెట్టారు. నేను నిలబడ్డ చోట రిసెప్షన్ బల్ల ఉంది. దాని వెనక అమ్మాయి ఫోన్లో నవ్వుతూ మాట్లాడుతోంది. వెనక్కి వెళ్లి ట్యాంకర్ దగ్గర తాగాను.

రెండోసారి జవాబు తొందరగానే వచ్చింది. ఆ దేశం నన్ను ఇంజనీరుగా గుర్తించింది. మొదటి వ్యాసంలో వ్యక్తిగత బాధ్యత సందేహం లేకుండా కనిపిస్తోందని ఒక వాక్యం కూడా రాశారు. ఆ కాగితం సార్ చూసి, "చూసినవా, నేనన్లే? అయితదని," అని మిఠాయి తెప్పించారు. నేనూ ఒకటి తీసుకున్నాను.

పద్దెనిమిది మీటర్ల దూలానికి ఆ దేశంలో ఇంకొకడు ఇంజనీరు. నేను దేనికి ఇంజనీరునో వాళ్ల రికార్డులో ఉంది. పొడవు పన్నెండు మీటర్లు, వెడల్పు నాలుగు, నీటి లోతు రెండున్నర. లక్షా ఇరవై వేల లీటర్లు.